అడవి పక్కన ఆర్‌వీ ఆపితే వచ్చే తంటాలు: సమస్య - పరిష్కారం

వన్యప్రాణులు దండిగా ఉండే రక్షిత ప్రాంతంలో ఆర్‌వీ, అంటే పడకా వంటిల్లూ ఉన్న ప్రయాణపు బండి, నిలిపి నాలుగు రోజులు ఉంటే, మామూలు క్యాంపుగ్రౌండ్లో ఎప్పుడూ చూడని చిక్కులు ఎదురవుతాయి. బండి పాడైందని మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు, ఏదైనా జీవి లోపలికి దూరిందేమో చూడండి. వాటికి మన బండిలో కావలసినవి మూడే: వెచ్చదనం, తిండి వాసన, దూరడానికి సందు. కింద రాసినవాటిలో చాలావరకు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

రాత్రి గోడలో గరగర, పొద్దున సింకు కింద పెంటికలు

ఎలుక. అనుమానమే అక్కర్లేదు. చిన్న చుంచెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు, అంటే పెన్సిల్ పట్టేంత. కరెంటు కేబుల్ లోపలికొచ్చే చోటు, నీళ్ల పైపు నేలలోంచి దూరే చోటు, స్లైడవుట్ (బండి గోడలోంచి బయటికి జరిగే గది భాగం) మూలల్లో అరిగిన రబ్బరు, ఈ మూడూ ముందు చూడండి. కంటికి దొరక్కపోతే చీకటి పడ్డాక సింకు కింద అల్మారాలో టార్చి వెలిగించి పెట్టి, బయటికొచ్చి బండి కిందికి వంగి చూడండి. వెలుతురు ఎక్కడ కారుతుందో సందు అక్కడే.

దాన్ని ఫోమ్‌తో నింపి వదిలేయకండి, ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. స్టీల్ పీచు గట్టిగా కూరి పైన సీలెంట్ పూయండి. బండి అడుగున తడి తగిలే చోట స్టీల్ తుప్పు పడుతుంది కాబట్టి అక్కడ రాగి జాలీ వాడండి. పుదీనా నూనె, నాఫ్తలీన్ ఉండలు, శబ్దం చేసే పరికరాలు నన్నడిగితే డబ్బు దండగ. ఆ వాసనకి ఎలుక కంటే ముందు మనమే బయటికి పరుగెత్తుతాం.

విషం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. విషం తిన్న ఎలుక వెంటనే చావదు. మత్తుగా బయట తిరుగుతుంది, దాన్ని గుడ్లగూబో నక్కో పట్టుకుంటుంది, విషం వాటికీ ఎక్కుతుంది. ఏ జంతువుల్ని చూద్దామని ఇంత దూరం వచ్చామో వాటినే చంపుకున్నట్టు. పైగా ఆ ఎలుక గోడలోపల చస్తే వారాల తరబడి కంపు. బండి లోపల మాత్రమే బోను పెట్టండి.

పెంటికల్ని పొడిగా చీపురుతో ఊడ్చకూడదు. కొన్ని రకాల ఎలుకల మలమూత్రాల్లో హంటా వైరస్ ఉంటుంది, ధూళి లేస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకుని, 1 వంతు బ్లీచ్‌కి 9 వంతుల నీళ్లు కలిపి తడిపి, 5 నిమిషాలు నాననిచ్చి పేపర్ టవల్‌తో తీసేయండి.

స్టార్ట్ చేయగానే హెచ్చరిక లైటు, బండి కింద రంగునీళ్లు

ఇంజిన్ గొట్టాలూ వైర్లూ ఏదో కొరికింది. కాలిఫోర్నియాలోని సెకోయా నేషనల్ పార్కులో మినరల్ కింగ్ అనే లోయ దీనికి పేరుమోసిన చోటు. అక్కడ మార్మోట్లు, అంటే బొద్దుగా పెద్ద ఉడుతలా ఉండే జంతువులు, రేడియేటర్ గొట్టాలు కొరికేస్తాయి. అందుకే అక్కడ బండి నిలిపేవాళ్లు టార్పాలిన్ పరిచి దాని మీదికి బండి ఎక్కించి, అంచుల్ని పైకి లాగి చుట్టూ మూటలా కట్టేస్తారు. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ ఆ టార్పాలిన్ ఖర్చు టోయింగ్ బిల్లు ముందు ఏపాటిది!

ఇలాంటి చోట రోజూ బండి కదిపే ముందు బానెట్ ఎత్తి చూడండి. ఒక్కోసారి ఆ జంతువు ఇంకా లోపలే ఉంటుంది. కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ఆ రంగునీళ్లు, కారి ఉంటే ఇంజిన్ ఆన్ చేయకండి, వేడెక్కి ఇంజిన్ హెడ్ పాడవుతుంది. చిన్న గాటైతే, ఇంజిన్ చల్లారాక, తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు బిగించి చుట్టి, కూలెంట్ నింపి, మెల్లగా దగ్గర్లోని వర్క్‌షాపు దాకా పోవచ్చు. అది అక్కడి దాకా చేరడానికే, ప్రయాణం కొనసాగించడానికి కాదు.

హీటర్ టిక్‌టిక్‌మంటుంది, వెలగదు. వెలిగినా మంట పసుపు

గ్యాస్ అయిపోలేదని చూసుకున్నాక, అనుమానించాల్సింది మట్టిగూళ్లు కట్టే కందిరీగల్నీ సాలీళ్లనీ. కందిరీగకి బయటి గాలి గొట్టం బాగా నచ్చుతుంది. సాలీడు బర్నర్ గొట్టంలో గూడు అల్లితే గాలి సరిగా కలవక నీలం మంట పసుపుగా మారి మసి పడుతుంది.

సిలిండర్ దగ్గరే గ్యాస్ కట్టేసి, చల్లారాక బయటి మూత తీసి, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి. గ్యాస్ వచ్చే సన్నటి రంధ్రంలో మాత్రం తీగ గుచ్చకండి, అది కాస్త పెద్దదైనా గ్యాస్ ఎక్కువొస్తుంది. గొట్టానికి జాలీ బిగించాలనుకుంటే మాన్యువల్ చూడండి, కొన్ని హీటర్లకి అది గాలిని అడ్డుకుంటుంది.

గూడు కట్టిన గొట్టంతో అసలు ప్రమాదం చలి కాదు, కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు. అలారం మోగితే అందరూ వెంటనే బయటికి రావాలి. బ్యాటరీ తీసి అలారం నోరు మూయించి పడుకోకండి.

తెల్లవారుజామున అంతా చీకటి, బ్యాటరీ ఖాళీ

ఇది జంతువుల పని కాదు, మన లెక్క తప్పు. చాలా రక్షిత ప్రాంతాల్లో కరెంటు కనెక్షన్ ఉండదు, రాత్రి జనరేటర్ వేయనివ్వరు. బ్యాటరీని తాగేసేది హీటర్ ఫ్యాన్. అది 8 ఆంపియర్లు లాగుతుందనుకోండి. పది గంటల రాత్రిలో సగం సేపు, అంటే ఐదు గంటలు తిరిగినా 8 × 5 = 40 ఆంపియర్-అవర్లు ఖర్చు. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో నిజంగా వాడుకోదగ్గది సగమే, లైట్లూ పంపూ దీనికి అదనం. ఏమీ ఆన్‌లో లేనప్పుడు మీటర్ పెడితే 12.6 వోల్టుల పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.1 దగ్గరికొస్తే సగం అయినట్టు. థర్మోస్టాట్ తగ్గించి మంచి దుప్పట్లు కప్పుకోండి. చెట్ల నీడలో పైకప్పు సోలార్ పెద్దగా పనిచేయదు, పొడవాటి వైరుతో ఎండలో పెట్టుకునే ప్యానెల్ నయం.

గ్యాస్ ఫ్రిజ్ చల్లబడదు

బండి వాలుగా ఉందేమో చూసి, చక్రాల కింద దిమ్మలు పెట్టి సమం చేయండి. అప్పటికీ మారకపోతే ఫ్రిజ్ వెనక బయటి జాలీ తెరవండి, పిట్టగూడు ఉండొచ్చు. ఎండు పుల్లలు మంట పక్కన ఉండటం మంచిది కాదు. గూట్లో గుడ్లుంటే ముట్టుకోకుండా రేంజర్‌కి చెప్పండి, అప్పటిదాకా గ్యాస్ మీద నడపకండి.

పిట్ట రోజంతా అద్దాన్ని పొడుస్తుంది

గుడ్లు పెట్టే కాలంలో తన ప్రతిబింబాన్ని పోటీదారనుకుంటుంది. అద్దాలకి గుడ్డ కట్టేయండి.

రాత్రి బండి చుట్టూ అడుగులు, తలుపు మీద గీతలు

వాసనే కారణం. గ్రిల్ మీద మిగిలిన కొవ్వు, కుక్క గిన్నె, సింకు నీళ్ల వాల్వ్ దగ్గర బొట్లు బొట్లుగా కారే మురికి, ఇవన్నీ ఎలుగుబంటిని మైళ్ల నుంచి రప్పిస్తాయి. అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఉన్న ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో గ్రిజ్లీ ఎలుగుల వల్లే గుడ్డ గోడలున్న క్యాంపర్ బండ్లని రానివ్వరు, గట్టి గోడలుండాల్సిందే. వంట కాగానే గ్రిల్ కడిగి లోపల పెట్టండి. చెత్తని ఎలుగు తెరవలేని డబ్బాలో వేయండి. తలుపుకి గడియ వేయండి, పిడి కిందికి నొక్కితే తెరుచుకునే తలుపుల్ని ఎలుగులు తెరవగలవు.

బయల్దేరదామంటే తలుపు ముందు బైసన్

యెల్లోస్టోన్ నియమం ప్రకారం ఎలుగు, తోడేలుకైతే 91 మీటర్లు, బైసన్‌కి (మన అడవిదున్నలాంటి పెద్ద జంతువు) 23 మీటర్ల దూరం ఉండాలి. అది మీ మెట్ల దగ్గరే మేస్తుంటే ఆ దూరం పాటించే మార్గం ఒకటే, దిగకపోవడం. హారన్ కొట్టకండి, ఫొటో కోసం తలుపు తీయకండి. ఒక్కోసారి అది బండికి ఒళ్లు రుద్దుకుంటుంది కూడా. పెయింట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, చెక్-అవుట్ ఆలస్యమవుతుందని క్యాంపుగ్రౌండ్ ఆఫీసుకి ఫోన్ చేసి కూర్చోండి.