ఇంట్లో ఇటాలియన్ సముద్ర వంట, మూడో పాఠం: గుల్లల నీళ్లే సాస్

పోయిన పాఠంలో స్పగెట్టిని, అంటే దారాల్లాంటి పొడవాటి పాస్తాని, పలుకు మీద దించడం నేర్చుకున్నాం. ఈసారి ఇటలీలోని నేపుల్స్ వాళ్లు ప్రాణంగా చూసుకునే వంట: స్పగెట్టి, వోంగొలే అనే చిన్న గుల్లలు. క్రిస్మస్ ముందు రోజు రాత్రి మాంసం ముట్టరు కాబట్టి, అక్కడ చాలా ఇళ్లలో ఇదే వండుతారు.

ఇద్దరికి 200 గ్రాముల స్పగెట్టి, అరకిలో బతికున్న గుల్లలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఎండుమిర్చి, ఆలివ్ నూనె, అర కప్పు వైట్ వైన్, గుప్పెడు పార్స్లీ (కొత్తిమీరలాంటి ఆకు). వైన్ వద్దనుకుంటే నీళ్లు పోయండి.

అసలు పని ఇసుక వదిలించడం. ఇక్కడ తొందరపడితే ప్రతి ముద్దలో పళ్ల కింద కరకరలాడుతుంది. లీటరు నీళ్లకు 35 గ్రాముల ఉప్పు కలపండి, సముద్రపు ఉప్పదనం దాదాపు అంతే. అందులో గుల్లలు వేసి, గుడ్డ కప్పి, చల్లని చోట రెండు గంటలు వదిలేయండి. మంచినీళ్లలో వేస్తే చచ్చిపోతాయి, ఇసుకా లోపలే ఉండిపోతుంది. తర్వాత చేత్తో పైకి తీయండి. గిన్నె వంచేస్తే అడుగున చేరిన ఇసుకంతా మళ్లీ వాటి మీదే పడుతుంది. పగిలినవి పారేయండి. నోరు తెరిచి ఉన్నవాటిని వేలితో తట్టండి, మూసుకోకపోతే అవీ పారేయాల్సిందే.

వెడల్పాటి మూకుడులో నూనె, వెల్లుల్లి, మిర్చి సిమ్‌లో వేయించండి. వెల్లుల్లి ఎర్రబడితే చేదొస్తుంది. గుల్లలు, వైన్ వేసి మూతపెట్టి మంట పెంచండి. మూడు నాలుగు నిమిషాల్లో తెరుచుకోవడం మొదలవుతుంది. తెరుచుకున్నది తెరుచుకున్నట్టు తీసేయండి, ఆలస్యమైతే రబ్బరులా సాగుతుంది. చివరికీ తెరుచుకోనివి తినకండి. మిగిలిన నీళ్లను పల్చటి గుడ్డలో వడకట్టండి. రుచంతా ఇందులోనే ఉంది, ఉప్పు కూడా. అందుకే స్పగెట్టి ఉడికే నీళ్లలో ఈసారి సగం ఉప్పే వేయండి.

ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి రెండు నిమిషాల ముందే స్పగెట్టి తీసి, వడకట్టిన గుల్లల నీళ్లలో వేయండి. స్పగెట్టి ఉడికిన గంజి గరిటెడు పోసి, పెద్ద మంట మీద ఆపకుండా కలపండి. గంజిలోని పిండి నూనెను పట్టుకుని చిక్కబడుతుంది. నూనె విడిగా తేలుతుంటే ఇంకా కలపాలన్నమాట. దించే ముందు గుల్లలు, పార్స్లీ వేయండి.

చీజ్ వేయకండి, సముద్రపు రుచిని కప్పేస్తుంది. నేపుల్స్‌లో చిన్న టమాటాలతోనూ చేస్తారు కానీ, ముందు ఇలా తెల్లగా చేయడం చేతికి రానివ్వండి.

వచ్చే పాఠం రొయ్యల తలలతో రసం తీయడం. ఈలోగా రొయ్యలు వండితే తలలు ఫ్రీజర్‌లో దాచి ఉంచండి.