తాళాలగుత్తి మీకొద్దు: మత్తు ఇంజెక్షన్ల అలవాటు నుంచి కోలుకుంటూ నర్సు డ్యూటీకి వెళ్ళేవారికి జాగ్రత్తలు

డాక్టరు మార్ఫిన్ 5 మిల్లీగ్రాములు ఇమ్మని రాస్తారు. యాంప్యూల్‌లో, అంటే మందుండే చిన్న గాజు సీసాలో, 10 ఉంటుంది. మిగిలిన సగాన్ని ఇంకో సిస్టర్ ఎదురుగా పారబోసి, రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకం పెట్టాలి. రాత్రి రెండింటికి ఆ ఇంకో సిస్టర్ పక్క వార్డులో ఉంటుంది. "నువ్వు పారబోసెయ్ అక్కా, పొద్దున వచ్చి సంతకం పెడతా" అంటుంది. ఆమె తప్పేం లేదు, ముప్పై మంది పేషెంట్లకు తనొక్కతే. అప్పటికే నా నడుం నొప్పికి ఫోర్ట్‌విన్ అనే అలవాటు పడే నొప్పి ఇంజెక్షన్ రెండు మూడుసార్లు చేయించుకుని ఉన్నాను. ఆ రాత్రి సిరంజిలో మిగిలిన సగం పారబోయలేదు.

అదంతా అయిపోయి ఇప్పుడు ఆరో ఏడు. మళ్ళీ వార్డులోనే పనిచేస్తున్నాను. "చికిత్స అయిపోయింది, వచ్చే నెల జాయిన్ అవుతున్నా, ఏం జాగ్రత్తగా ఉండాలక్కా" అని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. మొన్న బీఎస్సీ నర్సింగ్‌లో సీటొచ్చిన ఒక తమ్ముడు, ట్రమడాల్ అనే మత్తెక్కించే నొప్పిబిళ్ళ మాని ఏడాదైనవాడు, క్లినికల్ పోస్టింగులంటే టెన్షన్‌గా ఉందన్నాడు. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మనసు గట్టిగా పెట్టుకో అని అందరూ అంటారు. నేను అనను. పన్నెండు గంటల నైట్ డ్యూటీలో తెల్లవారుజాము నాలుగింటికి మనసు ఎంత గట్టిగా ఉంటుందో నాకు తెలుసు. గట్టిగా ఉండాల్సింది ఏర్పాట్లు.

చేరడానికి ముందు నెల

జాయినింగ్ తేదీ దగ్గరపడగానే చాలామంది చేసే మొదటి తప్పు, వేసుకుంటున్న మందు ఆపేయడం. పాత మత్తు కోరికను అణచడానికి నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్-నలాక్సోన్ బిళ్ళ వేసుకుంటూ పేషెంట్లకు మందులెలా ఇస్తానని సిగ్గు. మా అత్తగారు కూడా "ఒకటి మాని ఇంకోటి పట్టుకున్నావు" అన్నారు. ఆ బిళ్ళ వేసుకున్న రోజుల్లో నేను డ్యూటీ చేశాను, ఇంటికొచ్చి పిల్లాడి చేత ఎక్కాలు చదివించాను. అంతకుముందు ఇంజెక్షన్ కోసం బాత్రూంలో గడియ పెట్టుకునేదాన్ని. ఈ తేడా ఆవిడకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది, పోనీండి.

ఈ సిగ్గు మన దగ్గరే కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్ర నర్సింగ్ బోర్డు, కోలుకునే నర్సుల కోసం నడిపే కార్యక్రమంలోకి ఇలాంటి మందు వాడుతున్న ఒక నర్సును రానివ్వలేదు. అది వైకల్యం ఉన్నవారి హక్కుల చట్టాన్ని ఉల్లంఘించడమేనని 2022 మార్చిలో అక్కడి న్యాయశాఖ తేల్చింది. కాబట్టి మందు ఆపడం, తగ్గించడం మీ సైకియాట్రిస్టు చెప్పినప్పుడే. ఆయన తగ్గించాలనుకున్నా జాయినింగ్ నెలలో వద్దని అడగండి. డోసు మారిన కొత్తలో మగత రావచ్చు, లేదా పాత కోరిక తల ఎత్తవచ్చు. రెండూ కొత్త వార్డులో మంచివి కావు. బిళ్ళ కోసం రోజూ సెంటర్‌కు వెళ్ళేవాళ్ళయితే ఆ వేళలు మార్నింగ్ షిఫ్టుతో ఢీకొంటాయేమో ముందే చూసుకోండి. మొదటి వారంలోనే రెండు డోసులు తప్పిపోయిన వాళ్ళను చూశాను.

నాల్ట్రెక్సోన్ వాడేవాళ్ళకు ఇంకో సంగతి. ఆ మాత్ర ఉన్నంతసేపు మత్తు ఎక్కనివ్వదు. నాలుగు రోజులు మానేస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. శరీరానికి ఒకప్పుడున్న తట్టుకునే శక్తి మాత్రం తిరిగి రాదు. అసలు ప్రమాదం ఇక్కడే. మాత్ర వాడినా వాడకపోయినా, కొన్ని వారాలు మానేసిన శరీరానికి పాత డోసు ప్రాణం తీసే డోసు. నర్సులం కాబట్టి లెక్క మనకు తెలుసనుకుంటాం. ఆ లెక్క పాత శరీరానిది. పైగా నిద్రకని అల్ప్రాజోలం కలిసినా, మద్యం కలిసినా ఊపిరి ఇంకా తొందరగా మందగిస్తుంది.

డోసు ఎక్కువైతే కనిపించే ఈ గుర్తులు ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచండి. లేపితే లేవకపోవడం, గురక లాంటి వింత శబ్దంతో శ్వాస ఆగి ఆగి రావడం, పెదాలు నీలం తిరగడం, కంటిపాప సూదిమొనంత అయిపోవడం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, వచ్చినవాళ్ళకు ఏం తీసుకున్నారో దాచకుండా చెప్పాలి. విరుగుడుగా నలాక్సోన్ ఇంజెక్షన్ పడాలంటే వాళ్ళకు నిజం తెలియాలి. నేను మా ఆయన్ని కూర్చోబెట్టి, మా విద్యార్థులకు చెప్పినట్టే చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. అయినా చెప్పాలి.

ఇంజెక్షన్ల దారిలో వెళ్ళినవాళ్ళు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు జాయినింగ్ మెడికల్‌కు ముందే సొంతంగా చేయించుకోండి. సి వచ్చినా కంగారు పడక్కర్లేదు. చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో నయమైపోతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ చికిత్స ఉచితం.

ఏ వార్డు, ఎవరి చేతిలో తాళం

మొదటి ఏడాది ఓటీ (ఆపరేషన్ థియేటర్), ఐసీయూ, పోస్ట్-ఆప్ (ఆపరేషన్ తర్వాత ఉంచే వార్డు), క్యాజువాలిటీ, క్యాన్సర్ వార్డు వద్దు. ఫెంటనిల్, మార్ఫిన్, పెథిడిన్ లాంటి మత్తు ఇంజెక్షన్లు తిరిగే చోట్లు అవే. ఓపీ, టీకాల గది, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, మానసిక వైద్య విభాగం అడగండి. బీఎస్సీ చేసినవాళ్ళయితే తెలంగాణలో పల్లె దవాఖానాలు, ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్‌ల పోస్టులు చూడండి. జీతం కొంచెం తక్కువ రావచ్చు, ఐసీయూ సర్టిఫికెట్ పోవచ్చు, తోటివాళ్ళు "అక్కడేం నేర్చుకుంటావే" అనవచ్చు. అననివ్వండి.

అలాంటి వార్డు దొరక్కపోతే కనీసం తాళం విషయం తేల్చుకోండి. మత్తుమందుల అల్మారాకు రెండు తాళాలుంటాయి. షిఫ్టు మారినప్పుడు యాంప్యూళ్ళు లెక్కపెట్టి తాళాలగుత్తి చేతులు మారుతుంది. ఆ గుత్తి మీ చేతికి రాకూడదు. మీ పేషెంటుకు మార్ఫిన్ పడాల్సి వస్తే వేరే సిస్టర్ తీసి, వేరే సిస్టర్ ఇస్తారు. బదులుగా ఆమె పేషెంటుకు డ్రెస్సింగ్ మీరు చేస్తారు, క్యాథెటర్ మీరు వేస్తారు. నేను పద్నాలుగు నెలలు ఇలా నడిపాను. పద్నాలుగో నెలలో మేట్రన్ గారు "ఇంక తీసుకో అమ్మా, నమ్మకమే" అన్నారు. ఇంకో ఆరు నెలలు ఆగమన్నాను. నమ్మకం ఆవిడకుంది, నాకు లేదు.

అమెరికాలో ఇలాంటి ఏర్పాటును పద్ధతిగా నడుపుతారు. ఫ్లోరిడాలో 1980ల్లో మొదలై చాలా రాష్ట్రాలకు పాకింది. నర్సు లైసెన్సు వెంటనే తీసెయ్యకుండా, సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ళు కనిపెట్టుకుని ఉంటారు. మొదట్లో మత్తుమందుల తాళం ఇవ్వరు, నైట్ డ్యూటీ, ఓవర్‌టైమ్ ఉండవు, చెప్పకుండా పిలిచి మూత్ర పరీక్ష చేస్తారు, వార్డులో ఒకరు గమనిస్తుంటారు. నా ఇన్నేళ్ళ సర్వీసులో మన దగ్గర ఇలాంటిది చూడలేదు. అందుకే ఆ షరతులన్నీ మనమే ఒక తెల్లకాగితం మీద రాసుకుని, సైకియాట్రిస్టు, ఇన్‌ఛార్జ్ సిస్టర్, మనం ముగ్గురం సంతకాలు పెట్టుకోవడం మేలు. నైట్ డ్యూటీ మినహాయింపుకు సైకియాట్రిస్టు ఉత్తరం ఉంటే అడగడం తేలిక.

మూత్ర పరీక్ష అవమానం కదా అని ఆ తమ్ముడు అడిగాడు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. తర్వాత ఒకసారి మా వార్డులో రెండు ఫెంటనిల్ యాంప్యూళ్ళ లెక్క తేలలేదు. అందరి చూపూ ఎటు తిరుగుతుందో చెప్పక్కర్లేదు. తాళం నా దగ్గర ఎన్నడూ లేదు, రిజిస్టర్‌లో నా సంతకం ఒక్కటీ లేదు, అంతకు మూడు రోజుల ముందు ఇచ్చిన పరీక్ష రిపోర్టు శుభ్రంగా ఉంది. సాయంత్రానికి లెక్క ఓటీ ఇండెంటులో, అంటే మందులు తెప్పించుకున్న చీటీలో, దొరికింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినగలిగానంటే ఆ కాగితాల వల్లే.

తాళం చేతికొచ్చాక కూడా, కళ్ళతో చూడనిదే పారబోసినట్టు సంతకం పెట్టకండి, పెట్టించుకోకండి. వాడేసిన సూదులు వేసే షార్ప్స్ డబ్బా ఖాళీ చేసే పని, ఓటీలో మిగిలిన సిరంజిలు సర్దే పని మీరు నెత్తినేసుకోకండి. విద్యార్థులకు ఇదే ముఖ్యం. మీకు తాళం ఎవరూ ఇవ్వరు, ట్రేలో మాత్రం సగం మందున్న సిరంజి కనిపిస్తుంది. ఓటీ పోస్టింగులో ఒక తోడును పెట్టుకుని, ట్రే దగ్గర ఒంటరిగా నిలబడవద్దు.

ఎవరికి చెప్పాలి

అందరికీ చెప్పక్కర్లేదు. ఇంట్లో ఒకరు, వార్డులో ఒకరు, బయట ఒకరు. ముగ్గురు చాలు. బయటి మనిషి తోటి కోలుకునేవాళ్ళయితే మంచిది. నార్కోటిక్స్ అనానిమస్ మీటింగులు హైదరాబాద్ లాంటి నగరాల్లో జరుగుతాయి, ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి. 2019లో కేంద్రం బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో 2.26 కోట్ల మంది నల్లమందు జాతి మత్తు వాడుతున్నారు. మనం వింత జంతువులమేమీ కాదు.

మీ చికిత్స వివరాలు మీ అనుమతి లేకుండా ఆసుపత్రి మీ యాజమాన్యానికి చెప్పకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మత్తు వ్యసనం కూడా మానసిక అనారోగ్యం లెక్కలోకే వస్తుంది, ఆ గోప్యత హక్కు మీకూ ఉంది. అయితే అప్లికేషన్ ఫారంలో నేరుగా ప్రశ్న ఉంటే అబద్ధం రాయకండి. అబద్ధం బయటపడిన రోజు వ్యసనం కంటే అదే పెద్ద నేరమవుతుంది. అమెరికా లైసెన్సుకు వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్త.

మత్తుమందుల చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తు వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గర దొరికినందుకో కేసు పడ్డవాళ్ళు తమంతట తాము ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స తీసుకుంటే ఆ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఆసుపత్రి మందు దొంగిలించడం, రిజిస్టర్ తారుమారు చేయడం దీని కిందకు రావు. పాత లెక్కలేమైనా ఉంటే జాయిన్ అయ్యేముందు వకీలుతో మాట్లాడండి.

మన నొప్పులు

పేషెంట్లను ఎత్తి ఎత్తి నర్సులకు నడుం పోతుంది. "ట్రమడాల్ ఒకటి వేసుకో అక్కా, ఇట్టే తగ్గుద్ది" అని స్ట్రిప్పు తీసి ఇచ్చే మంచి మనసు ప్రతి వార్డులోనూ ఒకటుంటుంది. ట్రమడాల్ మామూలు నొప్పిబిళ్ళ అనే భ్రమ ఇంకా పోలేదు. 2018 నుంచి అది మత్తుమందుల చట్టం కిందే ఉంది. పారాసెటమాల్, మీ కడుపుకు, కిడ్నీకి పడితే ఐబూప్రొఫెన్, ఫిజియోథెరపీ, నడుం బెల్టు, వీటితోనే సర్దుకోవాలి. దగ్గు సిరప్ కొనేటప్పుడు కోడిన్ లేనిది అడగండి. విరేచనాలకు వాడే లోమోటిల్‌లో ఉన్న డైఫినాక్సిలేట్ కూడా ఆ కుటుంబానిదే.

ఆపరేషనో, సిజేరియనో వస్తే ఆపరేషన్‌కు మత్తిచ్చే డాక్టరుకు మొత్తం చెప్పండి. నాల్ట్రెక్సోన్ మీద ఉంటే మార్ఫిన్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు పనిచేయవు, డాక్టరు చెప్పినట్టు ముందే ఆపాలి. బుప్రెనార్ఫిన్ అయితే మీరంతట మీరు ఆపకండి. ఇంటికి పంపే మందుల చీటీ మీ ఆయనకో, అమ్మకో ఇప్పించుకోండి, మాత్రలు వాళ్ళ దగ్గరే ఉండాలి.

ఇక గసగసాలు. నవ్వకండి. కోడి కూరలో వేసే ఆ చారెడు గసగసాల వల్ల మూత్రంలో మార్ఫిన్ పాజిటివ్ రావచ్చు. పరీక్షలున్నన్నాళ్ళూ మానేయండి. గల్ఫ్‌కు వెళ్ళే నర్సులకైతే ఇది జైలు మాట. యూఏఈ, సౌదీల్లో గసగసాలు నిషేధం. అమ్మ సర్దిన మసాలా పొడి డబ్బా విప్పి చూసుకుని మరీ విమానం ఎక్కండి. మీరు వాడే బుప్రెనార్ఫిన్ కూడా అక్కడ కట్టడి మందే. ఆ దేశం నుంచి ముందస్తు అనుమతి లేకుండా సంచిలో వేసుకోకూడదు. నా సలహా అడిగితే, మందు మీద స్థిరంగా ఉన్న మొదటి రెండేళ్ళు గల్ఫ్ మాటే వద్దు.

జారితే

జారడం, అంటే మళ్ళీ మత్తు తీసుకోవడం, జరగొచ్చు. జరిగితే ఆ షిఫ్టుకు వెళ్ళకండి. ఒంట్లో బాగాలేదని లీవు చెప్పండి, అది నిజమే. వార్డులో ఉండగానే జరిగితే పేషెంట్లను హ్యాండోవర్ చేసి, ఇన్‌ఛార్జ్‌కు చెప్పి బయటికి రండి. డ్రిప్ లెక్కలు, ఇన్సులిన్ డోసులు ఆ స్థితిలో మీ చేతుల్లో ఉండకూడదు. ఒంటరిగా గదిలో ఉండకండి, ఆ రాత్రి ఎవరో ఒకరు పక్కన ఉండాలి. సైకియాట్రిస్టు దొరక్కపోతే 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, ప్రాణం తీసుకోవాలన్నంత దిగులుగా ఉంటే 14416 టెలీ మానస్, ఇందులో తెలుగులో మాట్లాడతారు. ఈ నంబర్లు ఫోన్‌లో మాత్రమే ఉంటే సరిపోదు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లు పక్కన అంటించి ఉన్నాయి. వచ్చినవాళ్ళు చూస్తారు. చూసి ఒకావిడ తన కొడుకు కోసం రాసుకుని వెళ్ళింది.