కోరింగ పదేళ్ల ప్రణాళికను సవరించేటప్పుడు: ముందు నీటి లెక్క, తర్వాతే చెట్ల లెక్క

అభయారణ్యం ప్రణాళిక గడువు తీరబోతుంటే సాధారణంగా జరిగేది ఒకటే. పాత ఫైలు తెరిచి సంవత్సరాలు దిద్ది, కొత్త పథకాల పేర్లు రెండు చేర్చి, ఫొటోలు మార్చి పైకి పంపేస్తారు. కాకినాడ దగ్గర గోదావరి డెల్టాలో ఉన్న కోరింగ అభయారణ్యంలో అలా చేస్తే కుదరదు. అక్కడి మడ అడవి బతుకంతా నీటి రాకపోకల మీదే ఉంది, పదేళ్లలో ఆ దారులు మారిపోతాయి. పాయలు పూడతాయి, హోప్ ఐలాండ్ ఇసుక మేట కదులుతుంది, పైనుంచి వచ్చే మంచినీరు తగ్గుతుంది. అందుకే గడువుకు కనీసం ఏడాదిన్నర ముందే పని మొదలుపెట్టాలి. ఒక నిండు వానాకాలం, ఒక నిండు ఎండాకాలం కొలతల్లోకి రావాలంటే అంత సమయం కావాలి.

పాత ప్రణాళికకు మార్కులు వేయడం

పాత ప్రణాళికలోని ప్రతి పనికీ రిజిస్టర్లో ఒక వరుస కేటాయించి, నాలుగు గుర్తుల్లో ఒకటి పెట్టండి: జరిగింది, సగం జరిగింది, జరగలేదు, జరిగినా ఫలితం లేదు. ఆ నాలుగో గుర్తు పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు, కానీ కొత్త ప్రణాళికకు అసలు పనికొచ్చేది అదే. బిల్లు ఉందంటే డబ్బు ఖర్చయిందనే అర్థం. నాటిన చోటికి వెళ్లి మూడేళ్ల తర్వాత ఎన్ని మొక్కలు నిలిచాయో లెక్కపెడితేనే మార్కు వేయండి.

హద్దు ఎక్కడ గీయాలి

అభయారణ్యం 235.7 చ.కి.మీ. దాన్ని నిలబెట్టేది మాత్రం గౌతమి పాయ, కోరింగ, గాడేరు, తుల్యభాగ కాలవలు, కాకినాడ అఖాతం. ప్రణాళికలో మూడు వలయాలు గీయండి. లోపలిది అడవి, అఖాతం, హోప్ ఐలాండ్. మధ్యది ధవళేశ్వరం బ్యారేజీకి దిగువన ఉన్న మురుగు కాలవలు, చెరువులు, ఊళ్లు. బయటిది దాదాపు 3.12 లక్షల చ.కి.మీ. గోదావరి పరీవాహకం. ఆ బయటి వలయంలో అటవీశాఖ చేయగలిగింది ఏమీ లేదు. అక్కణ్ణుంచి తీసుకోవాల్సినవి అంకెలే: బ్యారేజీ నుంచి రోజువారీ దిగువకు వదిలే నీరు, వరదలో వచ్చే ఒండ్రు. ఎండాకాలంలో నీరంతా డెల్టా కాలవలకే పోతుంది కాబట్టి నెలవారీ సగటు పెట్టుకుంటే మోసపోతారు. దిగువకు చుక్క కూడా వదలని రోజులు ఎన్నో విడిగా లెక్కించండి.

ఇంకో తిరకాసు పాలనది. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లా విడిపోయాక తాళ్లరేవు వైపు కాకినాడ జిల్లాలోకి, ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు కోనసీమలోకి వెళ్లాయి. మధ్యలో ఉన్న యానాం పుదుచ్చేరిది. పాత ప్రణాళికలో ‘జిల్లా కలెక్టర్’ అని ఉన్న ప్రతిచోటా ఎవరో తేల్చి రాయాలి. లేకపోతే తొలి సమావేశానికే సగం శాఖలు రావు.

కొలతలు

ఫారెస్ట్ సర్వే రెండేళ్లకోసారి ఇచ్చే నివేదికలో రాష్ట్రం మొత్తం మడ అడవి 2019లో 404, 2021లో 405 చ.కి.మీ. ఆ తేడా చూసి కోరింగ గురించి ఏమీ చెప్పలేం. ఆ పటాలకు వాడే ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 23.5 మీటర్లు, ఒక హెక్టారు కంటే చిన్న ముక్క లెక్కలోకే రాదు. పాయ ఒడ్డున పది మీటర్ల వరస కోసుకుపోతే అందులో కనిపించదు. ఒక్కో చుక్క 10 మీటర్లే ఉండే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, వాటితో సొంత పటం వేసుకోండి. ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య మబ్బులేని రోజులు ఎంచుకోవాలి. పోల్చే రెండు చిత్రాలూ ఒకే పోటు మట్టంలో తీసినవి కావాలి. ఒకటి పోటులో, ఇంకొకటి పాటులో తీసినదైతే, అడవి ఎక్కడా తగ్గకపోయినా పటంలో తగ్గినట్టు కనబడుతుంది.

నేల మీద కావలసినవి నీటి మట్టం చూసే గేజి కర్రలు రెండు, నీటిలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఒకటి. రిఫ్రాక్టోమీటర్ ఏ రొయ్యల రైతు దగ్గరైనా ఉంటుంది. అమావాస్య పోటు రోజున పాయ నోటి దగ్గర ఒక కర్ర, లోపల చచ్చిన మడ మధ్య ఇంకో కర్ర పాతి, 13 గంటలపాటు గంటగంటకూ మట్టం రాయండి. బయట నీరు దిగిపోయినా లోపల నిలిచిపోయిందంటే నోటి దగ్గర పూడిక గట్టు ఉన్నట్టే. తర్వాత 30 సెం.మీ. గుంట తవ్వి, ఊటనీరు ఊరేదాకా ఆగి, నీడలో కాస్త చల్లారాక ఒక చుక్క పరికరం మీద వేయండి. అంతకుముందు డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచూసుకోవడం మరవొద్దు. సముద్రపు నీరు 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ఉంటే గుంటలో 70 దాటిందంటే అక్కడ ఉప్పును బాగా తట్టుకునే తెల్ల మడ కూడా గిడసబారుతుంది, తిల్ల, పొన్న జాతుల మాట అడగనక్కర్లేదు.

పూర్వం కూపులు (నరికివేతకు కేటాయించిన అడవి ముక్కలు) వేసి కొట్టేసిన చోట్ల ఇదే జరిగింది. నీడ పోయి, ఎండకు నేల ఆరి కుంగి, పళ్లెంలా తయారైంది. పోటుకు వచ్చిన నీరు తిరిగి వెళ్లక అక్కడే ఇగిరి, ఉప్పు మిగులుతుంది. అలాంటి చోట ఎన్నిసార్లు నాటినా మొక్క చస్తుంది. ముందు మట్టాల సర్వే, తర్వాత చేపముల్లు ఆకారంలో కాలవలు. ప్రధాన కాలవ సహజ పాయకు 45 డిగ్రీల్లో, పిల్ల కాలవలు ప్రధాన కాలవకు 30 డిగ్రీల్లో ఏటవాలుగా కలవాలి. తవ్విన మట్టిని ఒడ్డున గట్టులా పోయకూడదు, పోటు నీటిని అదే అడ్డుకుంటుంది. పలచగా పరిచేయాలి. మొక్కను కాలవ వాలులో మధ్య మట్టాన పెట్టాలి: అడుగున పెడితే మునిగి చస్తుంది, పైన పెడితే ఉప్పుకు మాడుతుంది.

ఊళ్లతో మాట్లాడటం

సమావేశం తేదీ పంచాంగం చూసి పెట్టండి. అమావాస్య, పౌర్ణమి పోట్లలో పాయల్లో వలలవాళ్లు ఎవరూ రారు, అష్టమి నాడు వస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రపు వేట నిషేధం, మోటారు పడవలవాళ్లతో కూర్చోవడానికి అదే అదను. పీతలు, గుల్లలు ఏరే ఆడవాళ్లకు వేరే సమావేశం కావాలి. పెద్దవలల యజమానుల ముందు వాళ్లు నోరు విప్పరు.

లక్ష్యాలు, డబ్బు, భూమి

‘మడ అడవుల పరిరక్షణ’ లక్ష్యం కాదు, శీర్షిక. ‘ఫలానా పాయ పక్కన ఫలానా చౌడులో మే నెల ఊటనీటి ఉప్పదనం నాలుగో ఏటికి ఇంతకు దిగాలి, కొలిచేది ఫలానా బీట్ అధికారి’ అంటే లక్ష్యం.

డబ్బుకు 2023 జూన్ 5న మొదలైన కేంద్ర మడ అడవుల పథకం మిష్టి, అడవి భూమి మళ్లింపుకు పరిహారంగా జమయ్యే కాంపా నిధులు ఉన్నాయి. అంచనాల్లో తవ్వకం ఖర్చు ఘనంగా రాసి, ఏటేటా పూడిక తీసే ఖర్చు వదిలేయడం పాత జబ్బు. రెండు వరదలకే పిల్ల కాలవలు మూసుకుపోతాయి. కనీసం ఐదేళ్ల పూడికతీతకు డబ్బు లేకపోతే ఆ కాలవ అసలు తవ్వకండి.

సముద్రమట్టం పెరిగితే మడ అడవి లోపలికి జరగాలి. అటు చెరువు గట్లు ఉంటే జరగడానికి చోటుండదు. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం వెయ్యి చ.మీ. దాటిన మడకు 50 మీటర్ల రక్షణ పట్టీ ఉండాలి. దాన్ని సర్వే నంబర్లతో సహా ప్రణాళికలోకి ఎక్కించండి. వదిలేసిన ప్రభుత్వ భూమి చెరువులకు గట్టు తెగ్గొట్టేటప్పుడు ఎక్కడపడితే అక్కడ కొట్టొద్దు. పాత పాయ ఎక్కడ పారేదో పాత పటంలో చూసి, ఆ నోటి దగ్గరే తెంచండి.

ఆమోదం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. ఆ తర్వాత ఏటా పనుల ప్రణాళిక, ఐదో ఏట మధ్యకాలపు సమీక్ష ఉంటాయి. తుపాను వచ్చినా, మొగ (నది సముద్రంలో కలిసే చోటు) జరిగినా ఐదో ఏడు దాకా ఆగకుండా కొలతలు మళ్లీ తీయాలన్న షరతు కూడా రాసిపెట్టండి. గేజి కర్రలు పాతిన చోట్ల అక్షాంశ రేఖాంశాలు, మట్టం గుర్తు వివరాలు అనుబంధంలో ఒక పేజీగా చేర్చండి. బదిలీల తర్వాత వచ్చే కొత్త రేంజర్‌కు అదే గుంట దగ్గర మళ్లీ కొలవడానికి దారి ఆ ఒక్క పేజీయే.