వేలికి మత్తు సూది: కొకైన్ రోజుల నుంచి మన కుట్ల బల్ల దాకా

కడప బండలు కోసే చోట వేలు తెగి క్యాజువాలిటీకి వచ్చిన మనిషికి సూది తీసే ముందే ఒక పని ఉంది. వేలి కొనకు రెండు పక్కలా దూదితో తాకి ‘తెలుస్తాందా అన్నా?’ అని అడగండి. వేలు వంచమని, చాపమని చెప్పండి. నరమో, వేలిని కదిలించే టెండనో తెగిందేమో మత్తు ఎక్కాక కనుక్కోలేరు. కేసు షీట్‌లో రాశాకే జైలోకైన్ (లిగ్నోకైన్ అనే మత్తుమందు) వయల్ ముట్టుకోండి.

వయల్ మీద అడ్రినలిన్ అని ఉందేమో చదవండి. నలిగిన వేలికి సాదాదే వాడాలి. అడ్రినలిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది, ఆ వేలికి అసలే రక్తం తక్కువ. వేరే చోట్ల ఆ బిగింపే మేలు, మందు అక్కడే నిలుస్తుంది. జర్మన్ సర్జన్ హైన్రిష్ బ్రౌన్ దాన్ని అప్పట్లో మత్తుకు వాడే కొకైన్‌తో కలిపింది అందుకే. అంతకు ముందే, 1885లో, న్యూయార్క్‌లో కార్నింగ్ అనే డాక్టర్ చేతికి పట్టీ బిగించి మత్తును ఎక్కువసేపు నిలిపాడు.

ఇక లెక్క. వయల్ మీద 2 శాతం అంటే మి.లీ.కి 20 మి.గ్రా. సాదా లిగ్నోకైన్ కిలోకు 3 మి.గ్రా. దాటనివ్వకండి. 60 కిలోల మనిషికి 180 మి.గ్రా., అంటే 9 మి.లీ. వేలికి 4 చాలు. ముంజేతి మీద పొడవాటి గాయమైతే 9 సరిపోదు. సమానంగా సెలైన్ కలిపి 1 శాతం చేస్తే 18 మి.లీ. అవుతుంది. పలచనైతే పట్టదేమోనని చిక్కటిదే ఎక్కించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1884లో వియన్నాలో కంటి డాక్టర్ కార్ల్ కోలర్ కంట్లో కొకైన్ చుక్కలతో దారి చూపాక, చిక్కటి ద్రావణాలు సూదితో ఎక్కించి ప్రాణాలు తీసినవాళ్లదీ అదే ఆలోచన. 1892లో బెర్లిన్‌లో ష్లైష్ అనే సర్జన్ కొకైన్‌ను 0.2 నుంచి 0.01 శాతం దాకా పలచన చేసి, కండ ఉబ్బేలా ఎక్కిస్తే చాలన్నాడు. పైగా ఇది ఉండగా క్లోరోఫాం ఇవ్వడం తప్పనేసరికి అక్కడి సర్జన్ల సభ మండిపడింది.

26 గేజ్ సూదిని వేలి మొదట్లో, వెనక వైపు నుంచి పక్కగా దించండి. పిస్టన్ లాగి రక్తం రాలేదని చూసుకుని, అరచేతి వైపు 1 మి.లీ., వెనక్కి తీస్తూ ఇంకో 1 మి.లీ. మెల్లగా వదలండి. రెండో పక్కా అంతే. చుట్టూ ఉంగరంలా ఎక్కిస్తే వేలు బిగిసిపోతుంది. నరం పక్కన మందు పెడితే కింది భాగమంతా మొద్దుబారుతుందని 1884-85లో చూపించిన అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్, తన మీదే పరీక్షించుకుని కొకైన్‌కు బానిసయ్యాడు.

5 నిమిషాలు ఆగండి. చాలాసార్లు మత్తు పట్టలేదనే మాట ఇక్కడి తొందర వల్లే. ‘తాకేది తెలుస్తాంది సార్, నొప్పి లేదు’ అంటే పట్టినట్టే. చీము పట్టిన చోట నేరుగా ఎక్కిస్తే మాత్రం ఆగినా సరిగా పట్టదు, ఆమ్లగుణం మందును నరంలోకి పోనివ్వదు. పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు అంటే వెంటనే సూది ఆపి, ఆక్సిజన్, ఐవీ లైన్ సిద్ధం చేసుకోండి. తర్వాత వచ్చేది మూర్ఛ.

రక్తం ఆపడానికి గ్లౌజు వేలు కత్తిరించి కట్టినట్టయితే దానికి ఆర్టరీ ఫోర్సెప్స్ (రక్తనాళం పట్టే పటకారు) తగిలించే ఉంచండి. లేకుంటే కట్టు కింద అది అలాగే ఉండిపోతుంది. మొద్దుబారిన వేలు కాబట్టి మనిషికి ఇంటికెళ్లేదాకా తెలియదు.