లాటే ఆర్ట్‌కి కప్పు ఎలా పట్టుకోవాలి?

లాటే (చిక్కటి కాఫీలో నురుగు పాలు పోసి చేసేది) మీద ఆ పాలతోనే వేసే హార్ట్ బొమ్మ కుదరకపోతే అందరూ పాల నురుగును తిడతారు, లేదంటే మెషిన్‌ను. నేను చూసినంతవరకు నురుగు చాలామందికి బాగానే వస్తుంది. బొమ్మను చెడగొట్టేది కప్పు పట్టుకున్న చెయ్యి. వీడియోలన్నీ పిచర్ (పాలు పోసే చిన్న జగ్గు) ఉన్న చేతినే దగ్గరగా చూపిస్తాయి కాబట్టి రెండో చేతికి పెద్దగా పని లేదనుకుంటారు. నిజానికి సగం బొమ్మ ఆ చేతిలోనే ఉంటుంది.

సరంజామా ఎక్కువేం అక్కర్లేదు. అడుగు గుండ్రంగా, మూతి వెడల్పుగా ఉండే 200–250 మి.లీ. కప్పు, ముక్కు ఉన్న 350 మి.లీ. స్టీల్ పిచర్, ఒక ఎస్ప్రెస్సో (మెషిన్‌తో తీసిన చిక్కటి కాఫీ), ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పాలు. 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాల ప్యాకెట్ చాలు. పొడుగాటి గాజు గ్లాసులో మాత్రం నేర్చుకోవద్దు.

పాలను 60–65 డిగ్రీల దాకా స్టీమ్ చేయండి, అంటే మెషిన్ ఆవిరితో వేడిచేసి నురుగు తెప్పించండి. పైన ఒక్క బుడగ కూడా లేకుండా నిగనిగలాడాలి. పిచర్‌ను బల్ల మీద ఒకసారి తట్టి, గుండ్రంగా తిప్పుతూ ఉండండి. ఆగితే నురుగు పైకి, పాలు కిందికి విడిపోతాయి.

పట్టు

కుడిచేతివాటం వాళ్లు కప్పును ఎడమచేత్తో పట్టుకోవాలి, అదీ హ్యాండిల్‌తో కాదు. హ్యాండిల్ పట్టుకుంటే బరువంతా రెండు మూడు వేళ్ల మీద వేలాడుతుంది. పాలు పడేకొద్దీ బరువు పెరిగి చెయ్యి వణుకుతుంది, వంపు కొంచెం మార్చాలన్నా మోచెయ్యి లేపాల్సి వస్తుంది. తీర్థం పుచ్చుకునేటప్పుడు చేసినట్టు అరచేతిని గుంట చేసి, కప్పు అడుగును అందులో కూర్చోబెట్టండి. బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు ఇంకో పక్క ఆనాలి. వేళ్లు అంచు మీదికి రాకూడదు, తాగేవాళ్ల పెదవులు తగిలేది అక్కడే.

హ్యాండిల్ మీ పొట్ట వైపు చూడాలి. హార్ట్ కొస ఎప్పుడూ పిచర్‌కి అవతలి పక్కనే తేలుతుంది. ఆ కొసను తాగేవాళ్ల వైపు తిప్పి పెడితే బొమ్మ నిటారుగా, హ్యాండిల్ సరిగ్గా వాళ్ల కుడిచేతికి వస్తాయి. ఎడమచేతివాటం వాళ్లు కప్పు కుడిచేత్తో పట్టుకుని, హ్యాండిల్‌ను తమకు ఎదురు దిక్కుకి ఉంచాలి. చాలా కేఫ్‌లలో హార్ట్ పక్కకి వాలి రావడానికి కారణం ఈ చిన్న సంగతి పట్టించుకోకపోవడమే.

మోచేతులు ఒంటికి ఆనించండి. కప్పు ఛాతీ కిందుగా ఉండాలి.

వంపు, మళ్లీ నిటారు

అందరూ బోల్తా పడేది ఇక్కడే. కప్పును పిచర్ వైపు దాదాపు 45 డిగ్రీలు వంచండి. ఎస్ప్రెస్సో అంతా ఒక పక్కకి చేరి చిన్న మడుగవుతుంది. ఆ మడుగు మధ్యలోకి, నాలుగైదు అంగుళాల ఎత్తు నుంచి సన్నని ధారగా పాలు పోయండి. ఎత్తు నుంచి పడే ధార ఊపుతో కిందికి దిగిపోతుంది, పైన గోధుమరంగు చెదరదు. కప్పు సగం నిండేసరికి కాఫీ అంచుకి వేలెడు (ఒక వేలి వెడల్పంత) దూరంలోకి వస్తుంది.

ఇప్పుడు పిచర్ ముక్కును కాఫీకి తగిలీ తగలనట్టు దించండి. దగ్గర నుంచి పడే నురుగు మునగదు, తెల్లగా తేలుతుంది. అసలు కప్పును వంచేదే ముక్కు ఇంత దగ్గరికి రావడానికి. తెలుపు కనబడగానే ధార కాస్త పెంచి, అదే సమయంలో కప్పును మెల్లగా నిటారుగా తేవాలి.

మెల్లగా అంటే ఎంత మెల్లగా? కాఫీకీ అంచుకీ మధ్య ఆ వేలెడు దూరం మారనంత. తొందరపడి కప్పు లేపేస్తే మడుగు ముక్కుకి దూరమైపోతుంది, నురుగు మళ్లీ మునిగిపోతుంది, మధ్యలో బూడిదరంగు మరక మిగులుతుంది. ఆలస్యం చేస్తే అంచు దాటి చేతి మీద ఒలుకుతుంది. కళ్లు తెల్లటి బొమ్మ మీద కాకుండా అంచు మీద ఉండాలి. బొమ్మను చూస్తూ మురిసిపోయేవాళ్లే ఎక్కువగా ఒలకబోస్తారు. వంపు మార్చేది మణికట్టుతోనే, భుజం కదలకూడదు. కప్పు పూర్తిగా నిటారయ్యేసరికి దాదాపు నిండిపోవాలి. అప్పుడు పిచర్ కొంచెం లేపి, సన్నని ధారతో బొమ్మ మధ్యగా అవతలి అంచుకి లాగండి. కొస తేలుతుంది.

కప్పును బల్ల మీద పెట్టి పోసేవాళ్లున్నారు. చెయ్యి వణకదు, నిజమే. కానీ కాఫీ అడుగున, పిచర్ ముక్కు పైన ఉండిపోతాయి, కప్పు నిండే చివరి క్షణం దాకా తెలుపు తేలదు. ఆ తర్వాత టూత్‌పిక్ తీసుకుని గీతలు గీయడం మొదలుపెడతారు. 1980ల చివర్లో అమెరికాలోని సియాటెల్‌లో కేఫ్ యజమాని డేవిడ్ షోమర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన హార్ట్ పోతతోనే వచ్చేది. టూత్‌పిక్ గీతలు గీసేలోపు నురుగు గట్టిపడుతుంది, కాఫీ చల్లారుతుంది.

చేతికి అలవాటయ్యేదాకా పాలు వృథా చేయకండి. కప్పు అడుగున రెండు చెంచాల నీళ్లు, పిచర్ నిండా నీళ్లు చాలు. సింక్ దగ్గర నిలబడి వంచుతూ, పోస్తూ, నిటారుగా తెస్తూ ఉండండి. నీటికీ అంచుకీ మధ్య దూరం మారకుండా కప్పు నిండితే ఆ రోజు పాలు స్టీమ్ చేయండి.