బాత్రూం మార్పు, పాఠం 3: వాటం లెక్క, గాలి గొట్టం

మొదటి రెండు పాఠాల్లో పాత గొట్టాల దారి కనిపెట్టి, గది పటం గీసుకున్నాం. ఆ పటం, టేపు, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. ఇవాళ్టి పనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఫ్లోర్ ట్రాప్ (నేల జాలీ కింద నీరు నిలిచి వాసన ఆపే గిన్నె) నుంచి బయటి నిలువు గొట్టం దాకా నీళ్లు వాటంగా, అంటే ఏటవాలుగా, జారడానికి శ్లాబు పల్లంలో (గొట్టాల కోసం బాత్రూం కింద శ్లాబును దింపి వేసిన లోతులో) చోటుందా? టైల్స్ రంగు ఎంచుకోవడానికి వారం పెట్టేవాళ్లు ఈ లెక్కకు పది నిమిషాలు పెట్టరు. తర్వాత కింది ఇంటి పైకప్పు చెమ్మగిల్లుతుంది.

మన ఉదాహరణ గది మొదటి అంతస్తులో ఉంది. పొడవు 8 అడుగులు, వెడల్పు 5 అడుగులు. పడమటి గోడ బయట 110 మి.మీ. నిలువు గొట్టం. సంకెన్ శ్లాబు పల్లం 250 మి.మీ.

ముందు కమోడ్. దాన్ని నిలువు గొట్టం ఉన్న గోడకే పెట్టండి, పి ట్రాప్ రకం తీసుకోండి. దాని గొట్టం నేల మీదుగానే, సుమారు 180 మి.మీ. ఎత్తులో గోడలోంచి బయటికి పోతుంది కాబట్టి పల్లంలో చోటు తినదు. కమోడ్‌ను ఎదుటి గోడకు మార్చాలంటే ఎస్ ట్రాప్ రకం (గొట్టం నేలలోకి దిగేది) కావాలి, పల్లంలో 110 గొట్టం వేయాలి. దాని చివర పైకి తిరిగే బెండు నిలువు ఎత్తు గొట్టం వ్యాసం కన్నా చాలా ఎక్కువ. 250 పల్లంలో అది సాధారణంగా ఇరుకే. ఎస్ ట్రాప్‌కు గోడ నుంచి ఇచ్చే దూరం (225 లేదా 300 మి.మీ., మోడల్‌ను బట్టి) టైల్ వేసిన గోడ నుంచి కొలవాల్సింది, ఇటుక గోడ నుంచి కాదు. ప్లాస్టరు, టైలు కలిపి 30 మి.మీ. తింటాయి. ఇది మరిచిపోతే కమోడ్ గొట్టం మీద సరిగ్గా కూర్చోదు.

ఇప్పుడు అసలు లెక్క. స్నానం చేసే చోటు తూర్పు కొసలో, ఫ్లోర్ ట్రాప్ నిలువు గొట్టానికి 1.6 మీటర్ల దూరంలో. ట్రాప్ జాలీ పైమట్టం మనకు సున్నా. అన్ని కొలతలూ అక్కడి నుంచి కిందికి.

చాలామంది గొట్టం లోతు చూసుకుని ట్రాప్ పొట్టను మరిచిపోతారు. దుర్వాసన ఆపే నీటి సీలు కనీసం 50 మి.మీ. ఉండాలి కాబట్టి ట్రాప్ పొట్ట బయటికి పోయే గొట్టం అడుగుకన్నా కిందికి దిగుతుంది. ఎంత దిగుతుందో షాపులోనే టేపు పెట్టి కొలవండి. మన ట్రాప్‌కు 90 మి.మీ. అనుకుందాం. శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ పూత 30. అంటే 250లో 30, 90 తీసేస్తే గొట్టం అడుగు 130 మి.మీ. లోతులో ఉంటుంది. 75 మి.మీ. గొట్టం వ్యాసం తీసేస్తే పైన 55 మిగిలింది. టైలుకు, దాని కింది మాలుకు 50 కావాలి. ఇమిడింది, 5 మి.మీ. మిగులుతో.

వాటం 1:40, అంటే మీటరుకు 25 మి.మీ. 1.6 మీటర్లకు 40. గోడ దగ్గర గొట్టం అడుగు 170 లోతుకు దిగుతుంది. పూత పైమట్టం 220 దగ్గర ఉంది, కాబట్టి శ్లాబు తగలదు. ఇదే లెక్క 200 పల్లానికి వేస్తే 45 మి.మీ. తక్కువొస్తుంది. అలాంటప్పుడు తక్కువ ఎత్తు ట్రాప్ వెతకాలి, లేదా బాత్రూం నేల ఆ మేరకు ఎత్తి గడప దగ్గర మెట్టు ఒప్పుకోవాలి. శ్లాబునో దూలాన్నో చెక్కమంటే మాత్రం వినకండి. తర్వాత సరిదిద్దలేని సమస్య అది.

వాటం ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్న నమ్మకం మేస్త్రీల్లో గట్టిగా ఉంది. ట్రాప్ కొమ్మకు (ట్రాప్ నుంచి నిలువు గొట్టం దాకా పోయే గొట్టానికి) అది చెరుపు. ట్రాప్ నుంచి గాలి తగిలే చోటు దాకా గొట్టం దిగే మొత్తం దాని వ్యాసాన్ని మించితే, నిండుగా పారే నీరు వెనక గాలిని లాగి ట్రాప్‌లోని సీలును కూడా ఊడ్చుకుపోతుంది. మనది 40, గొట్టం 75, ఇబ్బంది లేదు. అదే వాష్ బేసిన్ నుంచి 40 మి.మీ. గొట్టం 2.4 మీటర్లు పోతే 60 దిగుతుంది. కాబట్టి బేసిన్ గొట్టాన్ని నేరుగా నిలువు గొట్టానికి కాకుండా ఫ్లోర్ ట్రాప్ పక్క నోటికి కలపండి. అక్కడ జాలీ ద్వారా గాలి ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది: అతిథులొస్తేనే స్నానం చేసే బాత్రూంలో ట్రాప్ ఎండి వాసనొస్తుంది, చేతులు కడిగిన నీళ్లు దాన్ని నింపుతూ ఉంటాయి. కమోడ్‌ను మాత్రం ఎప్పుడూ ట్రాప్‌కు కలపకూడదు.

ఇక గాలి. కమోడ్ ఫ్లష్ చేస్తే బేసిన్ లేదా ట్రాప్ గుడగుడలాడుతుందంటే నిలువు గొట్టంలో గాలి చాలట్లేదు. చాలా ఇళ్లలో పై కనెక్షన్ దాటాక గొట్టాన్ని డక్ట్‌లోనే కోసి మూత పెట్టేస్తారు. మూత తీసి, అదే 110 వ్యాసంతో మేడ పైదాకా కొనసాగించి, చివర కౌల్ (గాలి ఆడే చిల్లుల టోపీ) బిగించండి. మేడ మీద బట్టలు ఆరేసే ఇల్లయితే 2 మీటర్ల ఎత్తు ఉంచండి, 3 మీటర్ల లోపు కిటికీ ఉంటే దాని పైఅంచు దాటించండి. కౌల్‌కు దోమల జాలీ కడితే ఏడాదికోసారి శుభ్రం చేయాలి, లేదంటే దుమ్ము పట్టి అదే మూతవుతుంది.

కమోడ్ గొట్టం, ట్రాప్ గొట్టం ఒకే నిలువు గొట్టంలో కలిసినా, ఎదురెదురుగా ఒకే ఎత్తులో కలపకండి. ఫ్లష్ నీరు చిన్న గొట్టంలోకి తోసుకొస్తుంది. మన ఉదాహరణలో కమోడ్ పైన, ట్రాప్ సుమారు 300 మి.మీ. కింద కలుస్తాయి కాబట్టి సరే. కొన్ని పాత ఇళ్లలో మలం గొట్టం, స్నానపు నీటి గొట్టం వేర్వేరుగా దిగి, రెండోది ఇంటి బయట నేలలో ఉండే గల్లీ ట్రాప్‌లో పడుతుంది. అక్కడ ట్రాప్ కొమ్మ స్నానపు నీటి గొట్టానికే కలవాలి.

ఈ గదికి కొనాల్సినవి: ఐ.ఎస్. 13592 (భారత ప్రమాణం) ముద్ర ఉన్న ఎస్.డబ్ల్యు.ఆర్. (మురుగు, వాననీటి) గొట్టాల్లో 75 మి.మీ. టైప్ బి (మందం గోడ రకం) 3 మీటర్లది ఒకటి, 110 టైప్ బి ఒకటి. గాలి కోసం పైకి సాగే భాగానికి టైప్ ఎ సరిపోతుంది. 110×75 టీ (మూడు నోళ్ల అతుకు) ఒకటి, డోర్ (శుభ్రం చేయడానికి తెరిచే మూత) ఉన్న 110 టీ ఒకటి, కౌల్ ఒకటి. మలుపులు 90 డిగ్రీల బెండు ఒక్కదానితో కాక 45 డిగ్రీలవి రెండు పెట్టి తిప్పండి. డోర్ ఎటు తిరిగుంటే చేయి దూరుతుందో ఇప్పుడే పటంలో గుర్తు పెట్టండి. గోడవైపు తిరిగిన డోర్ ఉన్నా లేనట్టే.

అభ్యాసం: పల్లం 225, పూత 30, ట్రాప్ పొట్ట 80, గొట్టం 75, టైలుకు 50, దూరం 1.2 మీటర్లు. ఇముడుతుందా? చాలకపోతే ఎన్ని మిల్లీమీటర్లు, ట్రాప్ మార్చాలా, నేల ఎత్తాలా? జవాబు వచ్చే పాఠం మొదట్లో, ఆ తర్వాత రబ్బరు రింగు అతుకులు, నీళ్లు నిలిపి చూసే పరీక్ష.