మొదటి సొంత పాట విడుదల చేయడం ఎలా?

ట్యూన్ కుదిరింది, మిక్సింగ్ కూడా అయిపోయింది. ఈ రాత్రికే యూట్యూబ్‌లో పెట్టేయాలని చెయ్యి లాగుతుంది. రెండు వారాలు ఆగండి. కింది పనులు అయ్యాక పెట్టండి.

1. వాటాలు రాసుకోండి

సాహిత్యం మీద హక్కు రాసినవారిది, బాణీ మీద హక్కు కట్టినవారిది. రికార్డింగ్ హక్కు మాత్రం వేరు. దాన్నే మాస్టర్ అంటారు. మామూలుగా అది రికార్డింగ్‌కి డబ్బు పెట్టి చేయించినవారిది. మరి కంప్యూటర్‌లో వాయిద్యాలు, బీట్ కూర్చిన (ప్రోగ్రామింగ్ చేసిన) ఫ్రెండ్ సంగతి? ఒకసారి ఇచ్చే పేమెంటా, వాటానా? "మనవాడే కదా, అడిగితే ఏమనుకుంటాడో" అని మొహమాటపడితే, పాట హిట్టయ్యాక ఆ స్నేహమే మిగలకపోవచ్చు. పేర్లు, శాతాలు, సంతకాలు ఒక పేజీలో పెట్టుకుంటే చాలు.

2. లేబుల్ అగ్రిమెంట్ చదవకుండా సంతకం చేయొద్దు

లేబుల్ అంటే పాటలు విడుదల చేసే మ్యూజిక్ కంపెనీ. పాటను దానికిస్తుంటే, హక్కులు ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి ఇస్తున్నారో ముందుగా చూడండి. అగ్రిమెంట్‌లో గడువు రాయకపోతే 5 ఏళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని మన కాపీరైట్ చట్టం అనుకుంటుంది. ఈ సంగతి లేబుళ్లకు బాగా తెలుసు. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాసుకొచ్చేది అందుకే. బేరమాడండి, తప్పులేదు. ఇంకో విషయం: 2012 సవరణ ప్రకారం మిగతా హక్కులు రాసిచ్చినా, రచయిత, స్వరకర్త తమ రాయల్టీ (పాట వాడుకున్నందుకు వచ్చే డబ్బు) వాటాను లేబుల్‌కి వదిలేసుకోవడం కుదరదు. అలా రాయించుకున్నా చెల్లదు.

3. సభ్యత్వం తీసుకోండి

ఆ రాయల్టీ ఇంటికి నడిచిరాదు. రాసేవారు, బాణీ కట్టేవారు తమ తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ అనే సంఘంలో చేరి, ప్రతి పాటనూ నమోదు చేయాలి. గాయకులకు అలాంటిదే ఇసామ్రా అనే సంఘం ఉంది.

4. డిస్ట్రిబ్యూటర్ ద్వారా పంపండి

స్పాటిఫై లాంటి పాటల యాప్‌లు పాటను మన దగ్గర నేరుగా తీసుకోవు. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటి సంస్థల ద్వారా పంపాలి. అప్పుడు పాటకు ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల, అంకెల కోడ్ వస్తుంది. దాన్ని భద్రంగా రాసిపెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడ్ ఇవ్వాలి. మీ పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా ప్రతి పాటకూ ఒకటే ఉండాలి. లక్ష్మి, శ్రీనివాస్ లాంటి పేర్లవాళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. లేకపోతే మీ పాట వేరొకరి ప్రొఫైల్‌లో తేలుతుంది. ప్లేలిస్టుల కోసం స్పాటిఫై ఎడిటర్లకు పంపాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందే పంపాలి.

5. డబ్బు లెక్క వేసుకోండి

గత 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకు స్పాటిఫై రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. కాబట్టి కొన్నాళ్లు సంగీత్ ఫంక్షన్లు, పాఠాలు, ట్రాక్ (సినిమా పాటకు ముందుగా పాడిపెట్టే నమూనా) పాడటమే ఆధారం. సినిమా వాళ్లు పాడటానికి పిలిస్తే ఎగిరి గంతేసేముందు, అది ఫైనలా, ట్రాకా అని అడగండి. ట్రాక్ అయితే చివరికి వేరే గొంతు రావచ్చు. మీ గొంతే ఉంచేస్తే పేరు వేస్తారా, పేమెంట్ ఎంత, ఎప్పుడిస్తారు అన్నవి కూడా మైకు ముందు నిలబడక ముందే తేల్చుకోండి.